మచ్చ వేరు, గుంట వేరు

అందాల వ్యాపారం మీద మనం తక్కువేమీ రాయలేదు. 1994లో ఒకే ఏడాది విశ్వసుందరి, ప్రపంచసుందరి కిరీటాలు రెండూ మన దేశానికి వచ్చినప్పుడు వాటి వెనకున్న మార్కెట్ లెక్కలు విప్పి చూపించాం. 1996లో బెంగళూరులో ప్రపంచసుందరి పోటీలు పెడితే రోడ్డెక్కాం. నల్లపిల్లకి ఉద్యోగం రాదనీ, క్రీము రాసుకుని తెల్లబడితే వస్తుందనీ చెప్పిన ప్రకటనల మీద ఐద్వా పట్టుబట్టి ఫిర్యాదులు చేశాక 2003లో అవి టీవీల్లోంచి పోయాయి. ఆ క్రీము 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకుంటే, డబ్బా మీద అక్షరాలు మారాయి గానీ సరుకు మారలేదన్నాం. 2025 మే నెలలో ఆ ప్రపంచసుందరి పోటీలు ఏకంగా హైదరాబాదుకే వచ్చాయి. మళ్ళీ రాశాం. రాయాల్సిందే.

ఇంత రాశాం కదా, మొటిమ మానిపోయాక చెంప మీద మిగిలే గుంట గురించి ఇందులో ఒక్క పేరా చూపించమంటే మాత్రం నా దగ్గర లేదు.

ఈమధ్య మా వూళ్ళో ఒక సాహిత్య సభలో మాట్లాడిన ఆవిడ, మనందరం గౌరవించే మనిషే, "చెంప మీద నాలుగు మచ్చలకి లేజర్ చేయించుకోడానికి పరిగెత్తే పిల్లకి దేహ రాజకీయాలు ఏం అర్థమవుతాయి?" అన్నారు. చప్పట్లు బాగా పడ్డాయి. ఆమె పేరు ఇక్కడ అనవసరం. నా తగాదా ఆమెతో కన్నా ఆ చప్పట్లతో ఎక్కువ. మొటిమల గుంటలకి వైద్యం అడిగే అమ్మాయినీ, తెల్లతోలు కావాలనుకునే అమ్మాయినీ ఒకే గాట కట్టడం స్కిన్ క్లినిక్ చేసే పని. అదే పని మనమూ చేస్తున్నాం. వాళ్ళు డబ్బు కోసం చేస్తున్నారు. మనం ఎందుకు చేస్తున్నట్టు?

నా సంగతి ముందే చెప్పేస్తాను. నా రెండు చెంపల మీదా గుంటలున్నాయి, ముప్ఫై ఏళ్ళ నుంచీ వున్నాయి. నేను వైద్యం చేయించుకోలేదు. చేయించుకోవాలని కూడా లేదు. అది నా ఇష్టం. నా ఇష్టాన్ని సిద్ధాంతం చేసి ఇంకో ఆడదాని చెంప మీద రుద్దే హక్కు నాకు లేదంటున్నాను, అంతే.

అసలు చిక్కు మాటతోనే మొదలవుతుంది. తెలుగులో 'మచ్చ' అన్న ఒక్క మాటతో మూడు వేరు వేరు సంగతులు చెప్పేస్తాం. మొటిమ తగ్గాక కొన్నాళ్ళు చర్మం మీద నిలిచే నల్లటి, గోధుమ రంగు మరక ఒకటి. లోపలి చర్మం దెబ్బతిని శాశ్వతంగా దిగిపోయిన పల్లం రెండోది. నడతకి అంటే మచ్చ మూడోది, 'మచ్చలేని పిల్ల' అని పెళ్ళి మాటల్లో అనేది. మొదటిది రంగు. చాలావరకు ఏ వైద్యమూ లేకపోయినా నెలల్లో, ఒక్కోసారి ఏడాదికి పైగా పట్టినా, పలచబడుతుంది. ఎండ తగలకుండా చూసుకుంటే తొందరగా పోతుంది. రెండోది ఆకారం. అది ఏ క్రీముకీ పోదు, ఏ ఫేస్ ప్యాక్‌కీ పోదు, ఏ పసుపుకీ పోదు. మూడోదానికి వైద్యం మన పని. ఈ మూడూ ఒక్క మాటలో కలిసిపోవడం వల్లనే మొదటిదాని మందుని రెండోదానికి అమ్మి, మూడోదాని భయంతో డబ్బు వసూలు చెయ్యడం సాధ్యమవుతోంది.

అందుకే నేను గుంటని గుంట అనే అంటాను. మా ఉత్తరాంధ్రలో గుంట అంటే ఆడపిల్ల కూడా. 'ఆ గుంటకి గుంటలు పడ్డాయమ్మా' అని మా వీధిలో ఒక ముసలమ్మ అంటే నవ్వూ వచ్చింది, గుండె చివుక్కుమనీ అంది.

మద్దిలపాలెం ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకవైపు ఆర్టీసీ డిపో, బస్టాండు, ఇంకోవైపు యూనివర్సిటీ, మధ్యలో జాతీయ రహదారి. డిగ్రీ కాలేజీ, కోచింగ్ సెంటర్లు, ఆడపిల్లల హాస్టళ్ళు, పెద్ద పెద్ద బట్టల షాపులు. శ్రీకాకుళం, విజయనగరం బస్సుల్లోంచి దిగిన అమ్మాయిలు వూళ్ళో మొదట అడుగుపెట్టేది చాలాసార్లు ఇక్కడే. పద్ధెనిమిది నుంచి పాతికేళ్ళ వయసు వాళ్ళు ఇంతమంది ఒక్కచోట వుంటే 'స్కిన్ అండ్ హెయిర్' బోర్డులు రాకుండా వుంటాయా? మందుల షాపుల పైన, బ్యాంకుల పైన, టిఫిన్ సెంటర్ల పైన. ప్రతి బోర్డు మీదా ఒక తెల్లటి చెంప.

అలాంటి ఒక చోటికి మా విద్యార్థిని ఒకామె వెళ్ళింది. ఎంఏ చదువుతోంది, గాజువాక నుంచి రోజూ బస్సులో వస్తుంది. తండ్రి ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు. అక్కడ కాంట్రాక్టు వాళ్ళని తీసేస్తుంటే ఈసారి ఎవరి పేరు వస్తుందోనని ఇంటిల్లిపాదీ బిక్కుబిక్కుమంటున్న రోజులు. సాయంత్రాలు ఒక షోరూములో పనిచేసేది. కౌంటర్ మీద నిలబెట్టిన పిల్లని సూపర్‌వైజర్ ఒకరోజు గోడౌన్‌లోకి మార్చాడు. కారణం ఎవరూ చెప్పలేదు. జీతంలో కౌంటర్ వాళ్ళకి వచ్చే ఇన్సెంటివ్ మాత్రం తగ్గింది. రెండు చెంపల నిండా గుంటలున్న పిల్లకి కారణం వేరే చెప్పాలా?

క్లినిక్‌లో మొదట మాట్లాడింది డాక్టరు కాదు, 'కౌన్సిలర్'. ఆరు సిట్టింగుల పీలింగ్ ప్యాకేజీ, దాంతోపాటు 'గ్లో' కోసం ఇంజెక్షన్లు. ఈరోజే కడితే తగ్గింపు, రేపయితే లేదు. ఆ పిల్ల చిట్టీ పాడుకుని కట్టింది. ఆరు నెలల తర్వాత నా దగ్గరికొచ్చి, "మేడమ్, కాస్త తెల్లబడ్డానంటున్నారు గానీ గుంటలు అలాగే వున్నాయి. ఇంకో ప్యాకేజీ తీసుకోమంటున్నారు" అంది.

"ఏమ్మా, డాక్టరు నీ చెంపని వేళ్ళతో సాగదీసి చూశారా?"

"లేదు మేడమ్. ఫోటో తీశారు."

గుంటల వైద్యం మొదలయ్యేది ఆ రెండు వేళ్ళతోనే. చర్మాన్ని సాగదీస్తే కొన్ని గుంటలు మాయమవుతాయి, కొన్ని కదలవు. ఏ యంత్రమూ అక్కర్లేని, పైసా ఖర్చు లేని పరీక్ష. ఏ గుంటకి ఏది పనికొస్తుందో సగం అక్కడే తెలుస్తుంది. అది చూడకుండా ప్యాకేజీ రాయడమంటే కళ్ళు పరీక్షించకుండా కళ్ళజోడు అమ్మడమే.

పత్రికలో ఇలాంటివి రాయకూడదని ఎవరైనా అంటే అనండి, నేను మాత్రం వివరంగానే రాస్తాను. మనకి తెలియకపోవడమే వాళ్ళ పెట్టుబడి గనక.

గుంటల్లో డాక్టర్లు ముఖ్యంగా మూడు రకాలు చెప్తారు. సూదితో పొడిచినట్టు సన్నగా, బాగా లోతుగా వుండేవి ఒక రకం. వీటిని ఐస్‌పిక్ అంటారు. అంచులు నిటారుగా తెగి, అడుగు చదునుగా, చిన్న గిన్నెలా వుండేవి బాక్స్‌కార్. అంచు ఎక్కడుందో తెలియకుండా చెంపంతా అలలు పడ్డట్టు వుండేవి రోలింగ్. ఒకే ముఖం మీద మూడూ వుండొచ్చు, ఎక్కువమందికి వుంటాయి. ఇవి కాక గుంటకి తిరగబడినవి ఇంకో రకం: దవడ మీద, ఛాతీ మీద, వీపు మీద గట్టిగా ఉబ్బి లేచేవి, కెలాయిడ్లు. వాటికి వైద్యం పూర్తిగా వేరు. లోపలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్, పైన సిలికాన్ జెల్. కెలాయిడ్ వచ్చే తత్వం వున్న చర్మాన్ని లేజర్‌తో కాల్చినా, సూదులతో పొడిచినా కొత్త కెలాయిడ్ లేవొచ్చు. ఆ సంగతి ముందుగా అడగని చోట కుర్చీలో కూర్చోకూడదు.

సూది గుంటలకి పైపైన చేసే పీలింగ్ దండగ. గ్లైకాలిక్, సాలిసిలిక్ పీలింగులు రంగు మరకలకీ, ఇంకా వస్తున్న మొటిమలకీ కొంత పనిచేస్తాయి. గుంట అడుగుదాకా అవి పోనే పోవు. వాటికి వున్న పద్ధతి 2002లో కొరియా డాక్టర్లు రాసిన టీసీఏ క్రాస్. గాఢమైన ఆసిడ్‌ని సన్నటి పుల్లతో గుంట లోపల మాత్రమే, పక్క చర్మానికి అంటకుండా పెడతారు. అది తెల్లబడి, పెచ్చు కట్టి, నెలల మీద కింద నుంచి పూడుతుంది. చెయ్యి తిరిగిన మనిషి చెయ్యాలి. లేకపోతే గుంట వెడల్పవుతుంది, చుట్టూ నల్లబడుతుంది. మరీ లోతైనవాటిని గుండ్రటి చిన్న బ్లేడుతో కోసి తీసి కుట్టు వేస్తారు.

అలల గుంటలకి అసలు కారణం లోపల చర్మాన్ని కిందికి లాగి పట్టుకున్న పోగులు. పైన ఎంత కాల్చినా, ఎంత రుద్దినా ఆ పోగులు తెగవు. ముఖానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చర్మం కిందికి సూది దూర్చి వాటిని తెంపుతారు. సబ్‌సిషన్ అంటారు. 1995లోనే దీని గురించి వైద్య పత్రికల్లో వచ్చింది. వారం, రెండు వారాలు ముఖం కమిలి, వాచి వుంటుంది. ఒకసారి సరిపోదు. కానీ దీనికి కావాల్సినవి ఒక సూది, కాస్త మత్తుమందు, తెలిసిన చెయ్యి. లక్షల ఖరీదు చేసే మిషనూ అక్కర్లేదు, దాని వాయిదాలూ కట్టక్కర్లేదు. అందుకే మద్దిలపాలెంలో నేను చూసిన ఒక్క హోర్డింగ్ మీద కూడా ఈ పేరు లేదు. సూదికి ఎవరు హోర్డింగ్ కడతారు?

హోర్డింగ్ మీద వుండేది లేజర్. ముఖ్యంగా ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్. 2004లో అమెరికాలో వచ్చిన ఆలోచన ఇది: మొత్తం పైచర్మాన్ని తీసెయ్యకుండా, కంటికి కనిపించనంత సన్నటి నిలువు గాయాలు చేసి మధ్యలో మంచి చర్మాన్ని వదిలేస్తే తొందరగా మానుతుంది, కొత్త కొలాజెన్ పడుతుంది. లోతు తక్కువ వున్న గిన్నె గుంటలకి బాగానే పనిచేస్తుంది. నేను లేజర్‌కి వ్యతిరేకిని కాదు. కానీ మన గోధుమ, నలుపు చర్మాల్లో ప్రతి గాయమూ రంగుని రేపుతుంది. గుంటల కోసం వెళ్ళి, గళ్ళు గళ్ళుగా నల్లబడిన చెంపలతో బయటికొచ్చి నెలల తరబడి చున్నీ కట్టుకుని తిరిగిన వాళ్ళని నేను చూశాను. శక్తి తగ్గించి, చుక్కల మధ్య ఎడం పెంచి, ఎక్కువ సిట్టింగుల్లో చేస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. ముందూ వెనకా ఎండ నుంచి కాపాడుకోవాలి. బీచ్ రోడ్డు మీదుగా స్కూటీ మీద డ్యూటీకి వెళ్ళే అమ్మాయికి 'ఎండలో తిరగొద్దు' అని చీటీ మీద రాసిస్తే సరిపోతుందా?

సన్నటి సూదుల రోలరు, దాని తర్వాత వచ్చిన సూదుల పెన్ను, ఇది మైక్రోనీడ్లింగ్. లేజర్‌లా పైచర్మాన్ని కాల్చదు గనక నల్లబడే భయం తక్కువ, ఖర్చూ తక్కువ. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో కొన్నిసార్లు చెయ్యాలి. ఆ సూదుల కొసల్లోంచి రేడియో తరంగాల వేడి పంపేది ఇంకో రకం. వేడి లోపలి పొరలో పడుతుంది, పైపొర చాలావరకు తప్పించుకుంటుంది. మనలాంటి చర్మాలకి లేజర్ కన్నా కాస్త నిబ్బరంగా వాడొచ్చు. కానీ ధర లేజర్‌తో సమానంగానో ఎక్కువగానో చెప్తారు. ఇంట్లోనే రోలరు తెప్పించుకుని అక్కచెల్లెళ్ళు ఇద్దరూ అదే వాడుకునేవాళ్ళున్నారు. రక్తం అంటిన సూదులవి, ఇద్దరు వాడటమేమిటి?

మన రక్తమే తీసి తిప్పి, ముఖానికి పొడిచే పీఆర్‌పీ గురించి ఒక్క మాట చాలు. వేరే వైద్యానికి తోడుగా కొంత ఉపయోగం వుండొచ్చంటారు. దాన్నే అసలు వైద్యంగా అమ్మితే నమ్మక్కర్లేదు. ఫిల్లర్లు గుంటని లోపలి నుంచి నింపుతాయి, వెంటనే బాగుంటుంది, నెలలు గడిచాక కరిగిపోతుంది. డబ్బున్నవాళ్ళ వైద్యం.

మరి ఇన్నింట్లో ఏది మేలు? 2016లో కాక్రేన్ సంస్థ ఈ ప్రశ్న మీద అప్పటిదాకా జరిగిన పరీక్షల్ని జల్లెడ పట్టింది. దొరికినవి 24 పరీక్షలు, అన్నింట్లో కలిపి 789 మంది. ఏ ఒక్క పద్ధతినీ మొదటి వైద్యం అని ఖాయంగా చెప్పడానికి చాలినంత గట్టి ఆధారం లేదని తేల్చింది. ప్రపంచమంతా కోట్ల మందికి వుండే బాధ మీద 789 మంది! 'నూటికి నూరు శాతం గ్యారంటీ' అన్న బోర్డు పక్కన ఈ అంకె కట్టాలనిపిస్తుంది. నిజాయితీ గల డాక్టరు చెప్పేది ఇది: గుంటలు పూర్తిగా పోవు; రెండు మూడు పద్ధతులు కలిపి, ఏడాది ఓపిక పడితే చాలావరకు తగ్గొచ్చు. ఆ మాట చెప్పే డాక్టర్లు మా వూళ్ళోనూ వున్నారు. వాళ్ళ దగ్గర కౌన్సిలర్లు వుండరు.

ఫోటోల సంగతి కూడా. గుంట కనిపించాలంటే వెలుతురు పక్కనుంచి పడాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏ గుంటా కనిపించదు. 'ముందు' ఫోటోకి పక్క వెలుతురు, 'తర్వాత' ఫోటోకి ఎదురు వెలుతురు. మా విద్యార్థినికి ఇచ్చిన రెండు ఫోటోలూ అలాగే వున్నాయి. ముక్కు నీడ ఎటు పడిందో చూస్తే చాలు, పట్టుకోవచ్చు.

క్లినిక్ దాకా వెళ్ళలేని వాళ్ళ కథ ఇంకా ఘోరం. మందుల షాపులో 'మచ్చలకి' అని అడిగితే చేతిలో పెట్టేది చాలాసార్లు స్టెరాయిడ్ కలిసిన క్రీము. మొదటి వారం ముఖం మెరుస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, మొటిమలు రెట్టింపవుతాయి. మానేస్తే మంట. మళ్ళీ రాస్తారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. మా వీధి చివర షాపులో ఇప్పటికీ ఎవరూ చీటీ అడగరు. రంగు మరక దానంతటది పోయేది. దాన్ని పోగొట్టబోయి చర్మమే పోగొట్టుకుంటున్నారు. తెలుపు పిచ్చి మీద మనం రాసేవాటిలో ఈ క్రీము పేరు, దాని మీద వుండే ఎర్ర గీత, ఆ గీతకి అర్థం చెప్పామా?

గుంటలు అసలు పడకుండా చూడొచ్చు. పెద్ద మొటిమలు, గడ్డల్లాంటివి, తొందరగా వైద్యం చేయిస్తే చాలా గుంటలు పుట్టవు. కానీ మన ఇళ్ళల్లో ఏమంటారు? 'వయసు పొక్కులు, పెళ్ళయితే పోతాయి.' లేదా 'ముఖం సరిగ్గా కడుక్కోవు, అద్దం ముందు గిల్లుకుంటావు' అని నేరం పిల్ల మీదే. హార్మోన్లు, వారసత్వం, నూనె గ్రంథులు చేసే పనికి పదిహేనేళ్ళ పిల్ల ముద్దాయి. మా అమ్మమ్మ కాలంలో అమ్మవారు పోసిన ముఖాలు ప్రతి వీధిలోనూ వుండేవట. ఆ గుంటలకి తల్లి పేరుండేది, వాటికోసం పిల్లని ఎవరూ తిట్టేవారు కాదు. 1975 తర్వాత ఈ దేశంలో మశూచి లేదు. ఇప్పటి గుంటలకి తిట్టడానికి పిల్ల తప్ప ఎవరూ మిగల్లేదు.

అదే ఇల్లు పెళ్ళి చూపులు కుదిరేసరికి హఠాత్తుగా డబ్బు తీస్తుంది. ముహూర్తం రెండు నెలల్లో వుంటుంది. కొలాజెన్ ముహూర్తాన్ని ఎరగదు. లేజర్ ఫలితం తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఈలోగా నల్లబడితే అది అదనం. తొందర పెట్టేది పెళ్ళివారు, ఒప్పుకునేది డాక్టరు, ముఖం మాత్రం పిల్లది. గదిలో మాట్లాడేది తల్లి. "ఎప్పట్నుంచి వున్నాయి?" అని డాక్టరు తల్లినే అడుగుతాడు, సంతకం తల్లో తండ్రో పెడతారు.

2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో తీర్పు ఇచ్చింది. పరీక్ష కోసం మత్తిచ్చిన నలభై నాలుగేళ్ళ స్త్రీకి, బయట కూర్చున్న తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. వయసొచ్చిన, తెలివిలో వుండి నిర్ణయించుకోగల మనిషికి బదులు తల్లి ఒప్పుకోలు చెల్లదంది కోర్టు. ఏం చేస్తారో, ఎందుకో, వేరే మార్గాలేమున్నాయో, ప్రమాదమేమిటో రోగికే చెప్పాలంది. చెంప గర్భసంచి కాదు, నిజమే. కానీ ఒప్పుకోలు అన్నది శరీరంలో ఒక భాగానికి వుండి ఇంకో భాగానికి లేకుండా పోతుందా?

ఇది ఉత్త సంతకం గొడవ కాదు. తీవ్రమైన మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్ర మంచి మందే, గుంటలు పడకుండా ఆపుతుంది. కానీ ఆ మాత్ర వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకి తీవ్రమైన అవకరాలు వచ్చే ప్రమాదం వుంది. వాడినన్నాళ్ళూ, ఆపాక ఒక నెల దాకా గర్భం రాకూడదు. తల్లి పక్కన కూర్చున్న పెళ్ళికాని పిల్లకి ఆ మాట ఎవరు చెప్తారు? 'పెళ్ళి కాలేదు కదా' అని చీటీ రాసేస్తారు. పెళ్ళి నెలలో కూడా మాత్ర వేసుకుంటూనే వుంటుంది. నెలసరి సరిగ్గా వస్తోందా, అండాశయాల్లో నీటిబుడగల సమస్య వుందా అని అడగని వాళ్ళూ వున్నారు. ఇవి అందం ప్రశ్నలా, ఆరోగ్యం ప్రశ్నలా?

ఆరోగ్యం ప్రశ్నలు మనకి కొత్త కాదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్‌ని ఏమీ చెప్పకుండా పేద స్త్రీల మీద పరీక్షిస్తుంటే స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి నిలదీశారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. తొంభైల మొదట్లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. మన శరీరం గురించి డాక్టరు భాషలో కాక మన భాషలో చెప్పుకోవచ్చని ఒక తరానికి నేర్పిన పుస్తకం. ఇంజెక్షన్ మంచిదా చెడ్డదా అన్నదానితో పాటు, తెలుసుకుని ఒప్పుకునే హక్కు గురించి ఆ తరం మాట్లాడింది. గర్భసంచి దగ్గర మనం వైద్యాన్ని అర్థం చేసుకున్నాం, ప్రశ్నించాం. చర్మం దగ్గరికి వచ్చేసరికి ఉపన్యాసం ఇచ్చి వచ్చేస్తున్నాం. చర్మం 'పైది' కాబట్టా? పైది గురించి పట్టించుకోవడం తేలికతనమని మనకి ఎవరు నేర్పారు?

ఆ కోరికని పుట్టించింది మార్కెట్టే కదా అంటారు. కొంత నిజం. కానీ కౌంటర్ మీంచి గోడౌన్‌లోకి పంపింది కోరిక కాదు, సూపర్‌వైజరు. ఓం పురి ముఖం నిండా గుంటలతో ఈ దేశంలో మహానటుడయ్యాడు. ఆ ముఖాన్ని జీవితం చెక్కిన ముఖం అన్నారు. అలాంటి ముఖమున్న స్త్రీని హీరోయిన్‌గా చూపించండి. సాయిపల్లవి 2015లో 'ప్రేమమ్'లో మొటిమలతోనే కనిపించింది, ఎందరో ఆడపిల్లలకి ధైర్యం ఇచ్చింది, సంతోషం. అయితే తెరకెక్కింది లేత ఎరుపు మొటిమ. గుంట ఇంకా ఎక్కలేదు. మారాల్సింది సూపర్‌వైజరే, ఒప్పుకుంటాను. అతను మారేదాకా ఆ పిల్ల గోడౌన్‌లో వుండి మన పోరాటానికి ఉదాహరణగా నిలబడాలా?

రాజ్యం కూడా మనలాగే మాట్లాడుతోంది. 2019లో బీమా నియంత్రణ సంస్థ స్థిరపరిచిన మినహాయింపుల్లో రూపం మార్చే వైద్యం ఒకటి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత ముఖాన్ని సరిచేస్తే తప్ప డబ్బు రాదు. ముఖం నిండా గుంటలు పడటం జబ్బు వల్ల జరిగిన నష్టమని ఎక్కడా లేదు. అలంకారం, అంతే. 'నాలుగు మచ్చలకి లేజరా' అన్న మాటకీ దీనికీ తేడా నాకు కనిపించడం లేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. సబ్‌సిషన్, టీసీఏ క్రాస్, మైక్రోనీడ్లింగ్, వీటిలో దేనికీ లేజర్ మిషను అక్కర్లేదు. ఆంధ్ర మెడికల్ కాలేజీ వున్న వూరు మాది. కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో, ప్రతి జిల్లా ఆసుపత్రి చర్మ విభాగంలో, వారానికి ఒక పూట గుంటల కోసం కేటాయించమని స్త్రీల సంఘాలు వినతిపత్రం ఇవ్వొచ్చు. ప్రైవేటు క్లినిక్‌లు చేసేవాళ్ళ చదువు, చేసే పద్ధతి పేరు, సిట్టింగుకి ధర తెలుగులో గోడ మీద రాయాలని అడగొచ్చు. కౌన్సిలరు కన్నా ముందు డాక్టరు చూడాలని అడగొచ్చు.

మా విద్యార్థిని రెండో ప్యాకేజీ కట్టలేదు. ఒక చర్మవ్యాధుల డాక్టరు దగ్గర సబ్‌సిషన్ రెండుసార్లు అయింది. కుడి చెంప బాగా పైకొచ్చింది, ఎడమ చెంప ఇంకా అంతగా రాలేదు. సూది గుంటలు అలాగే వున్నాయి, వాటి సంగతి చలికాలంలో చూద్దామన్నారట. షోరూము మానేసింది.

ఆ పిల్ల, నేను, ఇంకో ఇద్దరు సహాధ్యాపకులం కలిసి ఇప్పుడొక నాలుగు పేజీల కరపత్రం రాస్తున్నాం. హాస్టళ్ళలో, బస్టాండులో పంచడానికి. గుంటల మూడు రకాలకీ తెలుగు పేర్లు కావాలి. ఐస్‌పిక్‌కి 'సూది గుంట' అనుకున్నాం, రోలింగ్‌కి 'అల గుంట'. బాక్స్‌కార్ దగ్గర తగువు పడ్డాం: నేను 'గిన్నె గుంట' అంటున్నాను, ఆ పిల్ల 'పళ్ళెం గుంట' అంటోంది. కెలాయిడ్‌కి మాట దొరకలేదు. మీ వైపు దాన్ని ఏమంటారో రాసి పంపండి.